మూడో ఆదివారం ఎండ మందు

బస్సు ఆగి ఎంతసేపైందో నాకు తెలియదు గానీ, ముందు సీటు ఇనప కమ్మీ మీద ఇందాక చెయ్యి వేస్తే గోరువెచ్చగా ఉండింది, ఇప్పుడు చురుక్కుమంటోంది, అంటే పొద్దు అంత పైకెక్కిందన్నమాట. అది నడినెత్తికి వచ్చేలోపల నేను కోడుమూరులో నా కూతురి అత్తగారింటి గడప తొక్కాలి. తొక్కకపోతే వాళ్ళు నా మనవరాలి నోట్లో మూడో మందు పోస్తారు. మూడోది పడకూడదు. నిన్న సాయంత్రం కర్నూలు ఆసుపత్రి వరండాలో నర్సు కృపమణి నా రెండు చేతులూ పట్టుకుని చెప్పింది. ఎప్పుడూ నవ్వుతూ మాట్లాడే పిల్ల, నిన్న నవ్వలేదు. "అవ్వా, అది ఒక్కసారి పోసే మందు. ఒక్కసారి పోస్తే నెలల తరబడి ఒంట్లో ఉంటాది. రెండోది పోసిందే ఎక్కువ. మూడోది పడనీయొద్దు, తెల్లారి మొదటి బస్సుకు పో" అంది. ఆ మొదటి బస్సు ఇదే. కోడుమూరు ఇంకా కంటికి ఆనకముందే బుస్సుమని ఆవిరి కక్కి, ఈ బీడు మధ్యలో, చెట్టూ చేమా లేని చోట నిలబడిపోయింది. బండిలోకి పోయాలంటే నీళ్ళు కావాలి, నీళ్ళు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ ఇద్దరు మగవాళ్ళు డబ్బాలు పట్టుకుని గుట్ట వెనక్కి పోయారు. పోయినవాళ్ళు పోయినట్టే ఉన్నారు.

నా వెనక కూర్చున్నాయన, వేరుశనగ బస్తా మీద కాళ్ళు చాపుకుని, డ్రైవరును ఆటపట్టిస్తున్నాడు. "ఏమప్పా దావీదురాజూ, నీ బస్సు కంటే మా ఎద్దులే మేలు గదప్పా, అవి నీళ్ళు లేకపోయినా రెండు మైళ్ళు నడుస్తాయి." డ్రైవరు బానెట్టు మీద తడిగుడ్డ వేస్తూ వెనక్కి తిరగకుండానే, "నడుస్తాయి లేన్నా, వాటికి మేత వేసి ఉంటే ఈపొద్దు నువ్వు నా బస్సు ఎక్కుతాంటివా?" అన్నాడు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వు అలవాటైన నోరు గదా, తనంతట తాను నవ్వుతుంది, లోపల ఏముందో దానికి పట్టదు. నిన్నమొన్నటి కరువు ఇంకా ఈ నేలను వదల్లేదు. గంజి తొట్ల దగ్గర జనం బారులు తీరినప్పుడు కూడా నేను ఇంతగా నీళ్ళ కోసం ఎదురుచూడలేదు. నా దగ్గర మరచెంబులో నీళ్ళున్నాయి, ఇస్తానంటే డ్రైవరు చెంబు వైపు చూసి, "దాచిపెట్టుకో అవ్వా, ఇది దాని నాలుక్కి కూడా చాలదు" అన్నాడు. నీడ ఎంతుందో చూద్దామని కిటికీలోంచి తల బయటపెట్టాను. బస్సు నీడ రోడ్డు అంచు దాకా ఉండేది, ఇప్పుడు చక్రాల దగ్గరికి ముడుచుకుంటోంది.

ఆ ఇంట్లో గడియారం ఉంది, గోడకు, మా అల్లుడు బళ్ళారి నుంచి తెప్పించాడు, కానీ మా వియ్యపురాలు కృష్ణవేణమ్మ దాన్ని నమ్మదు. ఆమె గడియారం మిద్దె గవాచి. నడిమింటి పైకప్పుకు వెలుతురు కోసం చేసిన ఆ చిన్న బొక్కలోంచి ఎండ పిడికెడంత ముద్దగా కిందికి దిగుతుంది, పొద్దెక్కే కొద్దీ బండల మీద నడుస్తూ వచ్చి కొయ్యకంబం మొదట్లోకి చేరితే మధ్యాహ్నమైనట్టు. ఆ ఇంటి ఆడవాళ్ళు చూసే ఎండ అంతే. వాళ్ళది ఘోషా ఇల్లు. బావి ఇంట్లోనే, దొడ్డి ఇంట్లోనే, గోడలు ఏనుగెత్తు. పగటిపూట పెద్దింటి కోడలి కాలి గోరు కూడా వీధి చూడకూడదు. నా కూతురు లక్ష్మీదేవిని అక్కడ ఇచ్చేటప్పుడు మా వాళ్ళంతా, నీ కూతురు నీడ పట్టున బతుకుతుందిలే రామసుబ్బమ్మా, నీ మాదిరి చేలలో పడి మాడిపోదు అన్నారు. నిజమే, నేను మాడిపోయాను, చేలో కూలివాళ్ళతో సమానంగా కలుపు తీశాను, ఈ పిల్లను కన్న మూడో నెలకే గంపలో వేసుకుని పోయి గట్టు మీద పెట్టేదాన్ని, ఒంటికి ఆముదం రాసి, ఎర్రటి ఎండలో, పిల్ల కాళ్ళు తన్నుకుంటూ ఆకాశంతో మాట్లాడేది. ఏడాది నిండకముందే పరుగులు. దాని కాళ్ళు కంది కట్టెల మాదిరి తిన్నగా ఉండేవి. దాని కడుపున పుట్టిన ఓబుళమ్మకు ఏడాదిన్నర దాటినా నిలబడడం రాలేదు.

ఓబుళమ్మ తెల్లగా పుట్టింది, తెల్లగానే ఉండిపోయింది. చూసినవాళ్ళంతా దొరసాని పిల్ల అనేవాళ్ళు, ఆ మాటకు ఆ ఇంట్లో ఎంత మురిసిపోయేవాళ్ళో. దిష్టి తగులుతుందని, గాలి సోకుతుందని, లోపలి గదిలో, ఆ గదిలోంచి నడిమింట్లోకి, నడిమింట్లోంచి మళ్ళీ గదిలోకి, అంతే దాని లోకం. నిద్రలో తలంతా చెమట పట్టేది, దిండు తడిసిపోయేది. నెల తిరిగిందంటే రొమ్ము పడిశం, జ్వరం, డొక్కలెగరేసుకుంటూ ఊపిరి కోసం కొట్టుకునేది, ఆ చప్పుడు నాకు ఇప్పుడు కూడా వినిపిస్తోంది, చాటలో గింజలు చెరిగినట్టు. నేను చూడబోయినప్పుడు ఒకరోజు నూనె రాస్తూ పక్కటెముకలు తడిమాను. ఎముక చివర్లన్నీ చింతగింజలు కుట్టినట్టు వరసగా చేతికి తగిలాయి. ఎంతమంది పిల్లలకు నూనె రాసిన చేతులు ఇవి, ఎప్పుడూ అట్లాంటివి తగల్లేదు. నేను కొట్లాడి, అలిగి, అన్నం మానేసి, కడకు పిల్లను కర్నూలు తీసుకుపోయాను. కర్నూలు రాజధాని అయిన తర్వాత ఎక్కడ చూసినా డేరాలు, ఆఫీసర్లు, జీపులు, కొత్త డాక్టర్లు. ఆ డాక్టరమ్మ పిల్ల మణికట్టు పట్టుకుని చూసి, నుదురు చూసి, "ఈ బిడ్డ ఎండ మొహం చూసిందా?" అని అడిగింది. చూడలేదని నేను చెప్పకముందే ఆమెకు తెలిసిపోయింది.

ఎండ తగలని ఒంటికి ఎముక గట్టిపడదంట. ఎముకే కాదంట, రోగం వచ్చినప్పుడు నిలబడి తోసేసే సత్తువ కూడా రాదంట, అందుకే నెలనెలా రొమ్ము పడుతోందంట. ఎండలో ఏదో ఉందంట, దాన్ని ఒళ్ళు తనకు తానే చేసుకుంటుందంట, డి విటమిన్ అని దాని పేరు. చేప నూనెలో కూడా ఉంటుంది గానీ ఈ పిల్లకు అది చాలదు, సారం తీసి గాజు సీసాలో పెట్టింది ఇస్తానంది. వేలెడంత సీసా, మెడ విరగ్గొట్టి పాలాడాలో వంచి పిల్ల నోట్లో తనే పోసింది. ఒక్క చుక్క పోనివ్వలేదు. "ఇంతే. ఇంక మందు లేదు. రోజూ పొద్దున పిల్లను ఎండలో కూర్చోబెట్టండి, అదే మందు" అంది. నేను తలూపాను. ఆ మాటే వియ్యపురాలికి అప్పజెప్పాను, పొల్లు పోకుండా. పిల్ల పదిరోజుల్లో తేరుకుంది, ఆ నెల రొమ్ము పట్టలేదు, గోడ పట్టుకుని లేవబోయింది. ఇంట్లో పండగ. అయితే పిల్లను ఎండలో కూర్చోబెట్టడమంటే ఎక్కడ? ముంగిట్లో జీతగాళ్ళుంటారు, మిద్దె మీదికి పోతే ఊరంతా కనబడుతుంది, పిల్లను ఎత్తుకునే తల్లి కూడా కనబడుతుంది. కృష్ణవేణమ్మ బాగా ఆలోచించింది, ఆమె ఆలోచించని మనిషి కాదు. ఎండ సారమే సీసాలో దొరుకుతున్నప్పుడు ఎండలోకి పోవడమెందుకు? అదీగాక మందన్నది ఒక్కసారి పోసి వదిలేస్తే రోగం పగబడుతుంది. మందుకు మూడు ఆదివారాలు. కొడుకును పిలిచి చెప్పింది, అతను కర్నూలులో మందుల షాపుకు పోయి అలాంటివే ఇంకో రెండు తెచ్చాడు. ఎండ మందు గనక సూర్యుడి వారం, సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు. ఇదంతా నాకు తెలియదు. నాకు చెప్పాల్సిన పని వాళ్ళకేముంది.

ఆమెను తిట్టుకుందామంటే నోరు రావడం లేదు. మూడు ఆదివారాల సంగతి ఆమెకు తెలిసినంతగా ఎవరికి తెలుసు. ఆమె చిన్నతనంలో తమ్ముడికి పచ్చకామెర్లు వచ్చాయి. వాళ్ళ ఊరికి హంద్రి అవతల తిమ్మయ్య అని పసరు పోసేవాడు ఉండేవాడు, ఆదివారం పరగడుపున, ఉప్పు లేని పథ్యం, మూడు ఆదివారాలు వరసగా. రెండు ఆదివారాలు పోయించారు, కళ్ళలో పసుపు పోయింది, పిల్లవాడు ఆటలకు దిగాడు. మూడో ఆదివారం హంద్రి పొంగింది. ఎన్నడూ రాని ఏరు ఆరోజే వచ్చింది. ఒడ్డున నిలబడి అవతల తిమ్మయ్య గుడిసెలో పొగ చూస్తూ పొద్దంతా గడిపారంట. ఆ నెలలోనే పిల్లవాడు పోయాడు. ఓబుళమ్మ పురుటి రోజుల్లో కృష్ణవేణమ్మ ఈ సంగతి నాతో చెప్పి, "మూడోది పడింటే బతుకుతుండె వదినా" అని, చీర కొంగుతో కళ్ళు తుడుచుకోకుండా అట్లే కూర్చుంది. అట్లాంటి మనిషి ఈరోజు మూడోది మానేస్తుందా? పిల్ల మీద ప్రేమ లేని మనిషైతే బద్ధకించేది, మరిచిపోయేది, వచ్చే వారం చూద్దాంలే అనేది. ఈమె గవాచి కింద కూర్చుని ఉంటుంది ఇప్పుడు, ఎండ ముద్ద వైపు చూస్తూ, పక్కన పాలాడా కడిగి బోర్లించి, సీసా కొంగున ముడి వేసుకుని. ఆమె చేతులు వణకవు. వణికితే ఒకటి రెండు చుక్కలన్నా కింద పడేవి.

నిన్న వాళ్ళ జీతగాడు గోపన్న కర్నూలు సంతకొచ్చి, పచ్చిమిరపకాయలు ఇచ్చిపోదామని పట్నం పక్కనే ఉన్న మా ఇంటికి రాకపోతే నేను ఈ బస్సులో ఉండేదాన్ని కాదు, ఇంట్లో వడియాలు పెట్టుకుంటూ ఉండేదాన్ని. మనవరాలు ఎట్లుందిరా అంటే గోపన్న సంతోషంగా చెప్పాడు. "మందు బాగా పట్టింది రెడ్డెమ్మా. రెండోసారి పోసినప్పటి నుంచి పాప ఏం నీళ్ళు తాగుతాండాదని. దూడ తాగినట్ల తాగుతాండాది. నేను తోడిపోసేది ఆ యమ్మకే సరిపోతాండాది." నేను నవ్వి, అన్నం తింటోందా అన్నాను. "తినదు. తినిపిస్తే కక్కుతాది. పెద్ద రెడ్డెమ్మ ఏమంటాదంటే, మందు వేడి చేసింది, లోపల రోగంతో కొట్లాడతాండాది, పాలు బాగా పోయండి అంటాది. పాలు పోస్తాండారు, గంటకోసారి పోస్తాండారు. నాలుగు దినాలాయె, దొడ్డికి పోలేదు. లేవను గూడ లేవదు, గుడ్డ మూట మాదిరి పడుకోనుంటాది. మూడోది పడితే అంతా సర్దుకుంటాది గానీ." అతని చేతిలో మజ్జిగ లోటా ఉంది, తాగుతూ చెబుతున్నాడు, మీసాలకు తెల్లగా అంటుకుంది. మూడోది ఏందిరా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చినప్పుడే ఇంట్లో వెలుతురు కొంచెం తగ్గినట్టయింది. రేపు మధ్యాహ్నం పోస్తారు రెడ్డెమ్మా అని చెప్పి గోపన్న ఊరి దావ పట్టాడు. తర్వాత కృపమణి దగ్గరికి ఎట్లా పోయానో, చెప్పులు వేసుకున్నానో లేదో. డాక్టరమ్మ ఊళ్ళో లేదు, సోమవారానికి గానీ రాదు. కృపమణి ఒక్కొక్కటే అడిగింది, నీళ్ళు తాగుతాండాదా, కక్కుతాండాదా, కూలబడిపోయిందా, నేను అవునన్న ప్రతిసారీ ఆమె మొహం ఇంకొంచెం మూసుకుపోయింది. పాలు ఆపాలి, నీళ్ళు ఎంతైనా ఇవ్వాలి, పిల్లను పట్నానికి తేవాలి, ఇప్పుడైతే ఎండ కూడా తగలనీయకూడదు అంది. ఎండ కూడానా అన్నాను. ఇంక దాని ఒంట్లో చోటు లేదవ్వా అంది.

ఎట్లాంటి మందది, లేకపోతే పిల్ల నిలబడదు, ఎక్కువైతే పిల్ల లేవదు. ఉప్పు అట్లాంటిదే, నిప్పు అట్లాంటిదే, కానీ ఉప్పెక్కువైతే నోటికి తెలుస్తుంది, నిప్పెక్కువైతే చేతికి తెలుస్తుంది. ఇది తియ్యగా కాదు, చేదుగా కాదు, ఉత్త నూనె. లోపల కూర్చుని మెల్లమెల్లగా పిల్లను సున్నపు బొమ్మను చేస్తుందంట. నేను లేచాను. బస్సులో ఉండలేకపోయాను, మెట్టు దిగితే కాలి కింద నేల పెనం. నడుస్తాను అన్నాను. దావీదురాజు నా ముందుకొచ్చి అడ్డం నిలబడ్డాడు. "యాడికి నడుస్తావవ్వా, ఊరింకా నాలుగు మైళ్ళుండాది. ఈ ఎండకు దావలో పడిపోతే నిన్నెత్తుకునేదానికి ఇంకో బస్సు గావాల. కూర్చో, నీళ్ళొస్తాయి, నీళ్ళొస్తూనే ఎగరగొట్టుకోని పోతా." మంచివాడే. వాళ్ళమ్మ వయసు ఉంటుంది నాకు. నా నీడ వైపు చూసుకున్నాను, కాళ్ళ చుట్టూ చుట్టుకుపోయింది, పాదాల కిందికి దూరబోతోంది. ఎండ ముద్ద ఇప్పుడు బండల మీద చివరి బండ దాటుతుంటుంది. కంబం మొదట్లో, పిండిముగ్గు వేసిన చోట. లక్ష్మీదేవి పిల్లను ఒళ్ళో పడుకోబెట్టుకుని కాళ్ళు పట్టుకుంటుంది. అత్త చెబితే పట్టుకుంటుంది, అట్లా పెంచాను. నా చెవిలో సీసా మెడ విరిగిన చప్పుడు, టిక్కుమని, వేరుశనగ కాయ విరిచినట్టు. నేను నడుస్తూనే ఉన్నాను. డ్రైవరు పిలుస్తున్నాడు, నేను వినిపించుకోలేదు, ఎంత దూరం వచ్చానో, వెనక్కి చూస్తే బస్సు ఇంకా పెద్దగానే ఉంది.

దావ మలుపులో దుమ్ము లేచింది. ఎద్దుల బండి, గూడు బండి, ముందూ వెనకా తెరలు కట్టినది. పట్టపగలు ఘోషా బండి రోడ్డు మీద. నా కాళ్ళు నిలబడిపోయాయి, ఎందుకంటే ఆ బండి పగలు బయటికి వచ్చిందంటే అయితే చావు, లేకపోతే చావుకు దగ్గరిది. గోపన్న తోలుతున్నాడు. నన్ను చూసి పగ్గాలు లాగాడు, నిన్నటి నవ్వు మొహం కాదు, తల వంచుకున్నాడు. తెర పక్కకు జరిగింది. నా కూతురు తన చేత్తోనే జరిపింది, బస్సు జనమంతా దూరం నుంచి చూస్తుండగా, తల మీద కొంగు కూడా లేదు. దిగి రోడ్డు మీద నిలబడింది. పెళ్ళయినాక నేను దాన్ని పగటి వెలుతురులో చూడడం ఇదే, ఎంత పాలిపోయింది, కళ్ళు చికిలిస్తోంది. దాని చేతుల్లో ఓబుళమ్మ, తల వెనక్కి వేలాడుతూ, పెదవులు పగిలి.

"మూడోది పోయలేదు గదా" అన్నాను. ఇంకేమీ అడగలేదు. ఎట్లుందే అని కూడా అడగలేదు.

"పోసింది మా. మధ్యాహ్నం నుంచి అమాస గడియలు వస్తాయని, పొద్దు పొడిచేటప్పుడే పోసింది. నేనే కాళ్ళు పట్టుకుంటి."

నేను తెల్లవారకముందే లేచి, మొదటి బస్సు ఎక్కి, పొద్దుతో పందెం వేసుకుంటున్నప్పటికి అది అయిపోయింది. నేను టిక్కెట్టు తీసుకునేటప్పటికే అయిపోయింది. ఇంతసేపూ నీడ వైపు చూసింది దేనికి.

"కొంచెంసేపటికి కక్కింది మా, నా చీర మీద. ఇంక కండ్లు తేలేసింది. నేను బండి కట్టమన్న్యా."

"మీ అత్త ఏమన్నది?"

"బండిలో బొంత ఆమే పరిచింది. నేను ఎక్కినాక గూడ లోపలికి పోలే. గడప దాటి బయటికొచ్చి నిలబడుండె."

మరచెంబు మూత తీసి పిల్ల పెదవుల మీద పెట్టాను. అది కళ్ళు తెరవకుండానే తాగింది, ఒక గుక్క, రెండు, చెంబును చేతుల్తో పట్టుకోబోయి పట్టుకోలేక. ఎండ సూటిగా దాని మొహం మీద పడుతోంది, పుట్టినప్పటి నుంచి అది తడవని ఎండ, వెలుతురు కనురెప్పల మీద ఎర్రగా. మొహం అటే తిప్పింది, పొద్దుతిరుగుడు మొక్క మాదిరి. ఎండలో కూర్చోబెట్టమని అంత చెప్పినా ఒక్కరోజు కూర్చోబెట్టనివాళ్ళు, ఈరోజు తీసుకొచ్చారు. నేను కొంగు విప్పి పిల్ల మీద పందిరి పట్టాను, నా చేతులతో, ఎండ తగలకుండా. నీడ పడగానే మూలిగింది. గుట్ట వైపు నుంచి మనుషుల అలికిడి లేదు, డబ్బాల చప్పుడు లేదు. దావీదురాజు పరుగెత్తుకుంటూ వచ్చాడు, పిల్లను చూశాడు. "నీళ్ళు రానీ, బండి వెనక్కి తిప్పుతా, కర్నూలుకే" అన్నాడు.

"బతుకుతుందా మా?" అంది లక్ష్మీదేవి.

నేను దాని మొహం చూడలేదు. దాని చీర కుచ్చెళ్ళ మీద నూనె మరక ఉంది, ఎండలో మెరుస్తోంది, వాసన లేదు. పిల్ల కక్కినది. లోపల నిలిచింది ఎంతో తెలియదు, బయటికి వచ్చింది ఇదే. దాని మీద అరచెయ్యి పెట్టాను. అరచెయ్యి మరకను కప్పేసింది. చెయ్యి తీసి, కుచ్చెళ్ళు విడదీసి, ఒక్కొక్క మడతా ఎండకు పట్టి చూశాను, లోపలి మడతలకు కూడా ఏమైనా అంటిందేమో అని, ఇంకా ఎక్కడైనా, ఇంకొంచెం.